కుండలో మట్టి కడిగితే

నేను మ్యూజియంలో ఊడ్చే పని చేస్తాను. ఈ రోజు వెనక గదిలో మేడం ఒక పాత కుండలోని మట్టిని జల్లెడలో పోసి, నీళ్ళతో మెల్లగా కడుగుతోంది.

“ఏంది మేడం, మట్టిని కడుగుతున్నారు? పారబొయ్యనా?” అన్నాను.

“అమ్మో, వద్దక్కా! వేల ఏళ్ళ కిందట పసిబిడ్డని పెట్టి పూడ్చిన కుండ ఇది. చిటికెడు మట్టి కూడా పారెయ్యం.”

మట్టి కరిగిపోయాక జల్లెడలో ఆవగింజలంత ఎర్రపూసలు మిగిలాయి.

“ఎవరేశారు మేడం?”

“ఇంకెవరక్కా, వాళ్ళమ్మే అయ్యుంటది.”

పోయినేడు మా పాపను పూడ్చేటప్పుడు దాని చేతి పూసలు నేను తీయనివ్వలేదు. “మట్టిలో కలిసిపొయ్యేదానికి పూసలెందుకే, పిచ్చిదానా” అని మా అత్త తిట్టింది. ఆ మాట ఇన్నాళ్ళూ గుండెలో గుచ్చుకుంటూనే ఉంది.

పూసలు ఎగిరిపోకుండా మేడం ఫ్యాను ఆపేసి, ఆరేదాకా చూడమంది. చెమటలు కారుతున్నా కదల్లేదు. ఎవరో తల్లి బిడ్డకు ఈ పూట నేను కాపలా ఉన్నాను.

ఇంటికొచ్చి ఇదంతా మా అత్తకు చెప్పాను. ఊరందరినీ నోటితో గెలిచే మనిషి వచ్చి నా పక్కన కూర్చుంది. తర్వాత మెల్లగా అడిగింది.

“మన పిల్ల పూసలు ఏ రంగువే?”

నీలంవి అని చెప్పాను.

మీరూ నాలా బిడ్డను పోగొట్టుకునుంటే, ఏం పెట్టి పంపారో చెప్పండి, వింటాను.