మెహసానా ఆకాశంలో మా అన్న

రైలు ఆరు పదికి. శనివారం ఉదయం ఐదున్నరకే సూరత్ స్టేషన్ చేరాం, నేను అడాజన్ నుంచి, అన్న పర్వత్ పాటియా నుంచి, వేర్వేరు ఆటోల్లో. నేను వెళ్ళేసరికి అన్న గేటు దగ్గర పోలీసు ఎదుట నిలబడి మూడు కాగితాలు చాచి పట్టుకుని ఉన్నాడు. టికెట్టు, ఆధార్ కార్డు, టీకా సర్టిఫికెట్. పోలీసు అడిగింది వాటిలో ఏదీ కాదు, సంచిలో ఏముందని. అన్న మళ్ళీ ఆ మూడింటినే చూపించాడు. నేను పరుగెత్తుకెళ్ళి, "ఆయనకు వినపడదు సార్, సంచిలో సకినాలు, దుప్పటి" అని చెబితే లోపలికి వదిలాడు.

మా అన్న పేరు రాజేశం. వయసు యాభై. పదహారో ఏట సిరిసిల్ల వైపు నుంచి సూరత్ వచ్చి మరమగ్గాల కార్ఖానాలో చేరాడు, ఇప్పటికీ అదే పని. ఆయన జీతంతో చదువుకున్నదాన్ని నేను. ఇదే ఊళ్ళో తెలుగు మీడియం బడిలో టీచర్ని. ఆ రోజు మేం ఇద్దరం మెహసానా వెళ్తున్నది అన్న విమానంలోంచి దూకడానికి.

ఎందుకో చెప్పాలి. ఒకే షెడ్డులో అరవై మగ్గాలు ఆడుతుంటే పక్క మనిషి అరిచినా వినపడదు. ముప్పై ఏళ్ళకు పైగా ఆ మోతలో ఉండి అన్న చెవులు దాదాపు పోయాయి. అయినా ఎవరికీ పెద్దగా తెలిసేది కాదు. ఆయన పెదవులు చూసి మాటలు పట్టేసేవాడు. తెలుగు, హిందీ, కొంచెం ఒడియా, ఏ పెదవులైనా సరే. కరోనా వచ్చి అందరి నోళ్ళకూ మాస్కులు పడ్డాయి. ఒక్క వారంలో అన్నకు ఊరంతా మూగదైపోయింది. కిరాణా కొట్లో, బ్యాంకులో, టీకా క్యూలో అందరూ కళ్ళతోనే విసుక్కునేవాళ్ళు. ఆయన బయటికి పోవడం తగ్గించాడు.

మగ్గాలు మూతపడ్డ ఆ నెలల్లో అన్న ఫోన్లో వీడియోలు చూసేవాడు. ఎక్కువగా విమానంలోంచి దూకేవాళ్ళవి. "గిదొక్కటే చెల్లె, మాట ఇనకున్నా సమజయ్యేది" అన్నాడొక రోజు. ఇంకో రోజు, "మనసొంటోళ్ళను దూకనిస్తరా?" అని అడిగాడు. ముప్పై ఏళ్ళలో ఆయన నన్ను తన కోసం ఏదైనా అడగడం నాకు గుర్తు లేదు. రెండో వేవ్ వెళ్ళిపోయి బడులు తెరిచాక నేను చోటు వెతకడం మొదలుపెట్టాను.

డబ్బు తీసుకుని దూకించేవాళ్ళు నేననుకున్నదానికంటే ఎక్కువమందే ఉన్నారు. అందరికీ ఒకే ప్రశ్న వేశాను. మా అన్నకు వినపడదు, గాల్లో ఆయనకు ఎలా చెబుతారు? మొదటివాడు, "అరె మేడమ్, ఏం ఫరవాలేదు, తీసుకురండి" అన్నాడు. ఏం చేస్తారని మళ్ళీ అడిగితే, "చెప్పేదేముంది, పట్టుకుని దూకడమే కదా" అన్నాడు. రెండో నంబరులో ఒకమ్మాయి ఆఫరు ఈ నెలాఖరు వరకేనంది. మూడోది మెహసానా దగ్గర. ఫోన్ తీసిన మనిషి తనే నన్ను అడగడం మొదలుపెట్టాడు. పుట్టుకతోనా, మధ్యలోనా? తల తిరగడం ఉందా? చెవిలోంచి ఎప్పుడైనా చీము కారిందా? చెవి డాక్టరు దగ్గర రాయించుకు రండి, అది చూశాకే అవునో కాదో చెబుతాను, అన్నాడు. అవునని వెంటనే అననందుకే నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది. ఆయన పేరు సుఖ్‌బీర్. సైన్యంలో పారాచూట్ దళంలో పనిచేసి వచ్చినవాడు.

అడాజన్‌లో మా వీధి చివరి చెవి డాక్టరు పరీక్షించి, కర్ణభేరి బాగానే ఉంది, దెబ్బతిన్నది లోపలి నరం, తూలడం లేదు, జలుబు లేని రోజు దూకవచ్చు అని రాసిచ్చాడు. ఇస్తూ, "మీరు కూడానా?" అని నన్ను అడిగాడు. కాదని తల ఊపాను. నాకు మూడో అంతస్తు బాల్కనీయే ఎక్కువ.

రైల్లో మా ఎదుటి సీట్లో ఒక గుజరాతీ ముసలమ్మ, వడోదరలో కూతురింటికి వెళ్తోంది. భరూచ్ దాటాక డబ్బా తెరిచి తేప్లాలు, అంటే మెంతాకు రొట్టెలు, పంచింది. అన్న సకినాలు ఇచ్చాడు. ఆమె ఆయన్ని ఏవేవో అడుగుతోంది, మాస్కు వెనక నుంచి. అన్న ప్రతిదానికీ నవ్వి తల ఊపుతున్నాడు. "ముగ్గురు కోడళ్ళా!" అని ఆమె ఆశ్చర్యపోయింది. అన్నకు ఉన్నది ఒక్క కూతురు. నేను విషయం చెబితే ఆమె నొచ్చుకుని, అన్న చేతిలో ఇంకో తేప్లా పెట్టింది.

పది దాటాక అహ్మదాబాద్. ఆటోలో బస్టాండుకు వెళ్ళి మెహసానా బస్సెక్కాం. రెండు గంటల దారి. మెహసానా బస్టాండు వెనక లాడ్జిలో రెండు గదులు తీసుకున్నాం. గది శుభ్రంగానే ఉంది, వేడి నీళ్ళు మాత్రం ఉదయం ఏడు వరకే. వెళ్ళేవాళ్ళు గుర్తుపెట్టుకోండి. భోజనం చేసి మూడింటికి ఊరి బయటి రన్‌వే చేరితే గాలి ఎక్కువగా ఉందని ఆ పూటకు దూకడం ఆపేశారు. దూకడానికి వచ్చిన నలుగురు కుర్రాళ్ళు గొణుక్కుంటూ కార్లెక్కి పోయారు. సుఖ్‌బీర్ మాత్రం మమ్మల్ని ఉండమన్నాడు.

ఆరు అడుగుల దూరంలో, ఎండలో నిలబడి మాస్కు కిందికి దించి, హిందీలో నెమ్మదిగా మాట్లాడాడు. అన్న ముఖం విప్పారింది. ఎన్ని నెలలయిందో కొత్త మనిషి నోరు చూసి. ఇద్దరినీ కలిపి ఒకే పారాచూట్‌కు కడతారు, గాల్లో తను వెనక ఉంటాడు, అన్న ముందు. పెదవులు కనపడవు. అందుకని తట్టడమే భాష. కుడి భుజం మీద ఒకసారి తడితే చేతులు చాచాలి. రెండుసార్లు తడితే దగ్గరికి తెచ్చుకోవాలి. తొడ మీద చరిస్తే నేల వస్తోందని, కాళ్ళు ఎత్తాలి. అన్నను బల్ల మీద బోర్లా పడుకోబెట్టి పదిసార్లు చేయించాడు. అన్న ఒక్కసారి తప్పలేదు.

"ఇంత తొందరగా ఎవరూ నేర్చుకోరు" అన్నాడు సుఖ్‌బీర్ నాతో.

ఆ మాట పెదవుల మీద చదివేసిన అన్న తమ షెడ్డు భాష చూపించాడు. దారం తెగితే రెండు వేళ్ళు కత్తెరలా. మిషను ఆపాలంటే అరచేయి. సేఠ్ వస్తున్నాడంటే పొట్ట మీద పెద్ద సున్నా. సుఖ్‌బీర్ పగలబడి నవ్వి ఆ మూడూ నేర్చుకున్నాడు.

తర్వాత ఫారం ఇచ్చారు. 'ప్రమాదం జరిగితే' అంటూ మొదలయ్యే వాక్యాలన్నీ చదివి అన్న సంతకం చేశాడు. కింద ఇంటివాళ్ళలో ఒకరి పేరు, ఫోన్ నంబరు రాయాలి. నా పెన్ను అక్కడ ఆగింది. పద్మ వదినకు మేం చెప్పి వచ్చింది మెహసానా దగ్గరి మొఢేరా సూర్యుడి గుడి చూసొస్తామని.

"వదిన నంబర్ రాయాలన్నా. ఆమెకు చెప్పకుండా నేను రాయను" అన్నాను, మాస్కు దించి.

"జెప్తే దూకనియ్యది."

"అయితే దూకకు."

అన్న చాలాసేపు రన్‌వే వైపు చూశాడు. నాకూ భయంగానే ఉంది, వదిన వద్దంటే ఇంత దూరం వచ్చింది వృథా, నేనే ఆయన ఆశను చేతులారా తుంచినట్టవుతుంది. చివరికి అన్నే తన ఫోన్ తీసి నాకిచ్చాడు. వీడియో కాల్ చేశాను. విషయం చెబుతుంటే వదిన గిన్నెలు కడుగుతూ ఆగిపోయింది.

"ఏంది? ఇమానంలకెళ్ళా?" అంది. తర్వాత, "ఆయన మొఖం జూపియ్యి" అంది.

ఫోన్ అన్న వైపు తిప్పాను. ఇంట్లో ఆమెకు మాస్కు లేదు. గొంతు పెంచకుండా, పెదవులు మాత్రం ఒక్కొక్క మాటకూ బాగా కదిలిస్తూ మాట్లాడింది. నేను పక్కకు జరిగాను. అన్న తన అలవాటు ప్రకారం అందరికీ వినపడేంత గట్టిగా జవాబు చెబుతున్నాడు. "కాదే, నీకు జెప్పొద్దని గాదు." "ఆ, రెండు బెల్టులుంటయి." "జలుబు లేదు." "అరె, ఏడుస్తున్నవా?" తర్వాత ఫోన్ నాకిచ్చేస్తూ, "దూకినంక ముందుగాల నేనే తనకు ఫోన్ జెయ్యాల్నట. నువ్వు గాదు, నీ మీద కోపమున్నదట" అన్నాడు.

ఫారంలో వదిన నంబరు రాశాను.

ఆదివారం ఏడింటికే రన్‌వే మీద ఉన్నాం. పొలాల మీద పొగమంచు. ఎనిమిదిన్నరకు తేలిపోయి చుట్టూ ఆవచేలు పసుప్పచ్చగా బయటపడ్డాయి. అన్నకు నీలం సూటు తొడిగి, కళ్ళద్దాలు పెట్టి, నాలుగు చోట్ల కొక్కేలు ఉన్నాయో లేదో ఒకరి తర్వాత ఒకరు ముగ్గురు చూశారు. విమానం చిన్నది, తలుపు లేదు. ఎక్కే ముందు అన్న నా వైపు తిరిగి ఏదో అన్నాడు. ఇంజను మోతలో నాకు వినపడలేదు. ఆయన పెదవులు చూశాను, నాకేమీ అర్థం కాలేదు. ఆయన రోజంతా ఎలా బతుకుతున్నాడో ఆ ఒక్క క్షణం తెలిసింది.

విమానం తిరుగుతూ తిరుగుతూ పైకి పోయి చుక్కంతయింది. అక్కడ పనిచేసే ఒకావిడ నా పక్కనే నిలబడి ఆకాశంలోకి చెయ్యి చూపింది. ఇంకో చుక్క, విమానం నుంచి విడిపోయి పడుతోంది. ఒక నిమిషం కూడా కాదు. ఎర్ర గొడుగు ఒక్కసారిగా విచ్చుకుంది. "అయిపోయింది మేడమ్, ఇక కూర్చోండి" అందామె.

గొడుగు గిరగిర చుట్లు కొడుతూ దిగింది. నేల దగ్గరికి రాగానే అన్న కాళ్ళు రెండూ ముందుకు చాచుకుని లేచాయి. ఇద్దరూ గడ్డి మీద కూర్చున్నట్టే జారి ఆగారు. నేను పరుగెత్తేసరికి అన్న బోర్లా తిరిగి, అరచేతులు నేలకు ఆనించి ఉన్నాడు. లేచాక చూస్తే కళ్ళద్దాల కింద చెంపలు తడిసి ఉన్నాయి.

"వదినకు ఫోన్ గలుపు" అన్నాడు మొదట.

వదిన ఫోన్ ఎత్తి ఆయన్ని చూసి ఒక్క మాటే అడిగింది. అన్న, "ఇంకా తినలే" అని జవాబిచ్చాడు.

పదకొండింటి బస్సుకు అహ్మదాబాద్ బయల్దేరాం. పైన ఎలా ఉందని అడిగాను.

"లొల్లి చెల్లె. మస్తు లొల్లి. గాలి మా షెడ్డు కన్నా ఎక్కువ మొత్తుకుంటది. నేను సప్పుడు బందయితదనుకున్న." నవ్వాడు. "గొడుగు తెరుసుకున్నంక మెల్లగ అయింది. ఆ సాబు నా భుజం మీద తట్టి కిందికి జూపెట్టిండు. చేండ్లల్ల మా నీడ పోతున్నది, గింతంత. ఇటు తట్టిండు, గుడి జూపెట్టిండు. అటు తట్టిండు, రైలు." ఆఖరికి, "గీ రెండేండ్లల్ల 'ఆఁ?' అని ఎవర్నీ అడగకుంట ఉన్నది గప్పుడే" అన్నాడు.

నేను కిటికీ వైపు తిరిగాను. అన్న 'ఆఁ?' అన్నప్పుడల్లా నేనేం చేసేదాన్నో గుర్తొచ్చింది. మొదట్లో మళ్ళీ చెప్పేదాన్ని. తర్వాత తర్వాత విసుగొచ్చి, చెయ్యి ఊపి, "ఏం లేదులే అన్నా" అనేదాన్ని. ఇంట్లో అందరం అదే అనేవాళ్ళం.

ఒంటిగంటన్నరకు అహ్మదాబాద్‌లో పూరీ తిని, రెండున్నర రైలు పట్టుకున్నాం. వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక మాట. శని, ఆది రెండు రోజులూ చేతిలో పెట్టుకోండి, గాలి మన టైంటేబులు చూడదు. చోటు మంచిదో కాదో తెలియాలంటే మీలో ఉన్న లోపం ఏదైనా ముందే చెప్పి చూడండి. చిన్నచూపు చూడకుండా, తేలిగ్గానూ కొట్టెయ్యకుండా ఎదురు ప్రశ్నలు వేసేవాళ్ళ దగ్గరికి వెళ్ళండి.

అంక్లేశ్వర్ దాటాక రైలు పొలాల మధ్య ఆగిపోయింది. పక్క బోగీ నుంచి వచ్చిన టీసీ ఏదో చెప్పి పోయాడు. నిద్రలోంచి లేచిన అన్న నా వైపు వంగి, "ఆఁ? ఏమైందట?" అన్నాడు.

'ఏం లేదులే' నోటి చివరి దాకా వచ్చింది. లేచి ఆయన్ని తలుపు దగ్గరికి తీసుకెళ్ళాను. అక్కడ ఎవరూ లేరు, గాలి బాగా వీస్తోంది. ఎదురుగా నిలబడి మాస్కు దించి, ఒక్కొక్క మాటే చెప్పాను. ముందు స్టేషనులో సిగ్నలు పడలేదట, గూడ్సు బండి ఒకటి పోవాలట, పావుగంట పడుతుందట, సూరత్‌కు ఆరున్నర అవుతుందట.

అన్న నా పెదవుల మీది నుంచి చూపు తీయకుండా అంతా విన్నాడు.

"గింతేనా?" అన్నాడు.

"గింతేనన్నా."