సార్ ఫోటో కింద రెండు గీతలు

మా సార్‌కు కంప్యూటర్ మీద నమ్మకం లేదు. ఫ్లెక్సీ మీద ఉన్నది. పుప్పాలగూడల ఫ్లాట్లు కట్టి అమ్ముతడు, ఆఫీసేమో రాయదుర్గం మెట్రో పక్కన అద్దాల బిల్డింగుల. కంపెనీ వెబ్‌సైట్ నేను చూసుకునేదాన్ని. కాంట్రాక్టు ఉద్యోగం. ఈసారి పర్మనెంట్ చేస్తమని నోటిమాట ఇచ్చిన్రు. గా మాట పట్టుకొనే గోపన్‌పల్లి నుంచి రోజూ షేర్ ఆటోల నలుక్కుంట వచ్చేదాన్ని.

వెబ్‌సైట్‌కు రోజుకు ఎంతమంది వచ్చిన్రో లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉండేది. పొద్దున్నే క్యాబిన్‌లకు పోయి "నిన్న ఇంతమంది సార్" అని చెప్పాలె. బిడ్డ పెళ్లికి వచ్చిన చుట్టాల లెక్క విన్నట్టు ఆయన మురిసిపోయేటోడు. ఒకనాడు ఆ సాఫ్ట్‌వేరోళ్లు మెయిల్ కొట్టిన్రు: దుకాణం బంద్ చేస్తున్నం, పాత లెక్కలన్నీ తుడిచేస్తం, కావాలంటే దాచుకోండ్రి అని. కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నం. అది ఇంకో తీరుగ లెక్కపెడుతది. ఒకే మనిషి ఫోన్ల చూసి, మళ్ల ల్యాప్‌టాప్‌ల చూస్తే పాతది ఇద్దరనేది, కొత్తది ఒక్కడే అంటది. బంద్ అయ్యే ముందు రెండిటినీ రెండు నెలలు పక్కపక్కన నడిపిన. జనం అంతే, లెక్కేమో సగం. ఆ రెండు నెలలది దాచుకుంటెనే నా తప్పు లేదని తెలుస్తది. లేకుంటే సగం మందిని నేనే ఎల్లగొట్టినట్టు.

పాత లెక్క ఒక గీత, కొత్తది ఇంకో గీత గీసి గ్రాఫ్ చేసిన. ఇదంతా దాచాలని సార్‌కు చెప్పిన. ఆయనది అనంతపురం దిక్కు.

"కంప్యూటర్లో పెడితే పోతాదని నువ్వే అంటాండావు కదమ్మా. మళ్లా కంప్యూటర్లోనే దాస్తానంటావే? ఫ్లెక్సీ కొట్టియ్."

"గ్రాఫ్‌కు ఫ్లెక్సీ ఏంది సార్?"

"ఫ్లెక్సీ యాడికీ పోదు. నా పుట్టినరోజుది ఎప్పటిదో, సైట్లో ఇప్పటికీ సిమెంటు బస్తాల మీద కప్పుతాండారు."

ఫ్లెక్సీలు కొట్టేటాయన నా గ్రాఫ్‌ను అటు తిప్పి ఇటు తిప్పి చూసి "ఎవరి బర్త్‌డే మేడమ్?" అన్నడు. "గ్రాఫ్‌దే" అన్న, కడుపు మండి. గోడంత పెద్దగ వచ్చింది. మంచిగనే వచ్చింది, అబద్ధమెందుకు. మీటింగ్ రూంల కట్టినం. సార్ వచ్చి చూసి మొహం చిన్నబుచ్చుకున్నడు.

"నా ఫోటో ఏదమ్మా?"

సాయంత్రానికల్లా ఫ్లెక్సీ ఆయన స్టిక్కర్ తెచ్చి అతికిచ్చి పోయిండు. దండం పెడుతున్న సార్, మనిషంత మొహం. ఏడ అతికిచ్చిండు? కుడి చివర, సక్కగ నా రెండు నెలల మీద! వాని చేతులు పడిపోను, గోడంత జాగ ఉండంగ అదే దొరికిందా? పాత గీత అన్ని ఏండ్లు నడిచి నడిచి వచ్చి సార్ మోచెయ్యి కాడ మాయమైతది.

పోనీలే, అసలు ఫైల్ ఉన్నది గద, పరేషాన్ ఎందుకనుకున్న. చూస్తే అది కూడ లేదు. కొత్త ఫ్లాట్ల డ్రోన్ వీడియోలకు జాగ చాలలేదని సార్ తీపిచ్చేసిండట. "ఫ్లెక్సీ ఉంది గదమ్మా, ఇంక అదెందుకు?" అన్నడు. అప్పటికే సాఫ్ట్‌వేరోళ్ల దుకాణం బంద్ అయింది.

పర్మనెంట్ మీటింగ్ నాడు సార్ ఆ ఫ్లెక్సీకి ఈపు పెట్టి కూసున్నడు. కొత్త లెక్క చేతుల పట్టుకొని అడిగిండు.

"సగం మంది ఏమైనారమ్మా? వచ్చే జనాన్నే నిలబెట్టలేకపోతివి, నిన్నెట్లా పర్మనెంట్ చేసేది?"

"ఏడికీ పోలే సార్. మీ ఎనకనే ఉన్నరు."

సార్ ఎనక్కి తిరిగి, ఆయనను ఆయనే చూసుకున్నడు.

"మీ ఫోటో కింద సార్. జర పీకనిస్తే చూపిస్త."

సార్ మొహం పీకుడంటే మాటలా? హెచ్ఆర్ మేడమ్ "అయ్యో, అలా ఎలాగండీ!" అన్నది. ఇగ నాకు తిక్క లేసింది. పోతే ఉద్యోగమే పోతది గద అని చెప్పులిడిచి కుర్చీ ఎక్కిన. నుదురు కాడ మొదలువెట్టుడు మర్యాద కాదనిపించి, దండం పెట్టిన చేతుల కాడికెల్లి పీకిన. పర్ర్‌మన్నది. చేతులు లేసినయి, గదువ లేసింది, మీసం లేసింది. చెంప కింద ఉన్నయి నా రెండు గీతలు, పైన పాతది, కింద కొత్తది, ఒకటి లేసిన కాడ రెండోది లేసుకుంట, ఒకటి దిగిన కాడ రెండోది దిగుకుంట. నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

"జనం వాళ్లే సార్. లెక్కపెట్టుడు మారింది, అంతే."

సార్ లేసొచ్చి రెండు గీతల మీద వేలు నడిపి చూసిండు. "అట్లనా" అన్నడు. పర్మనెంట్ కాగితం మీద సంతకం పెట్టిండు. పెట్టి, "ఆ ఫోటో మళ్లా అతికిచ్చెయ్యమ్మా" అన్నడు.

అతికిచ్చిన. గమ్ము మునుపటి తీరు పట్టలే. ఏసీ గాలి గట్టిగ తగిలితే చెంప దిక్కు లేసి గీతలు కనవడతయి, ఆపితే మళ్ల మూసుకుంటయి.

మొన్న కొత్త పార్ట్‌నర్‌ను తీసుకొచ్చి అదే రూంల కూసోవెట్టి, సార్ మళ్ల నా దిక్కు తిరిగిండు. "ఈ సగం మంది యాడికి పోయినారమ్మా, ఈ సార్‌కు చెప్పు."

నేను రిమోట్ తీసుకొని ఏసీ పెంచిన.