గింజ తీసిన కుంకుడు

పొద్దుగూకి మగ్రిబ్ నమాజు కాగానే నూరున్నీసా కుంకుడుకాయలు ముందేసుకుని కూర్చునేది. ఒక్కో కాయను రాతితో చిదిపి, నల్ల గింజ ఏరి పారేసి, పెచ్చులను ఇత్తడి గిన్నెలో నానబెట్టేది. తెల్లారి పిసికి, పాత చీర గుడ్డలో వడగట్టి సీసాలో పోసేది. అది తలంటుకు కాదు. ఆమె భర్త బాబా వనపర్తిలో పెబ్బేరు రోడ్డు మీద, ఇంటి ముందే రేకుల షెడ్డు వేసుకుని కార్ల ఏసీలు బాగుచేసేవాడు. పైపుల్లో గ్యాసు ఎక్కడ కారుతుందో ఆ నురగ పూసి పట్టేవాడు. నురగ బుడగ కట్టిన చోటే చిల్లు. సబ్బు నీళ్లు జారిపోతాయని, కుంకుడు నురగైతే పైపును పట్టుకుని కూర్చుంటుందని అతని నమ్మకం.

ఇప్పుడు ఆ ఇత్తడి గిన్నె ఫిర్దోస్ చేతిలో ఉంది.

ఫిర్దోస్ అదే ఇంట్లో ఉండే బాబా తమ్ముడు ఫహీమ్ భార్య. ఎండలు మొదలవుతుండగా బాబా షెడ్డులోనే గుండె పట్టుకుని కూలబడ్డాడు. దవాఖానకు చేరనే లేదు. షెడ్డు పని ఫహీమ్ చేతికొచ్చింది. నూరున్నీసా నాలుగు నెలల పది రోజుల ఇద్దత్‌లో, గడప దాటకుండా కూర్చుంది. అప్పుడు ఫిర్దోస్ వచ్చి, "నువ్వు జర నిమ్మళంగ ఉండు ఆపా, గీ పని నేను జేస్త" అని గిన్నె తీసుకుపోయింది. మంచి మనసుతోనే తీసుకుంది. ఇద్దత్ గడువు ముగిసింది, గిన్నె మాత్రం తిరిగి రాలేదు. అడగడానికి అదేమైనా నగా? నలుగురూ నవ్వుతారు.

గిన్నె ఒక్కటే అయితే ఓర్చుకునేదే. మధ్యాహ్నం ఫహీమ్ నల్లటి చేతులతో లోపలికి వస్తాడు. ఫిర్దోస్ చెంబుతో నీళ్లు పోస్తూ గదమాయిస్తుంది.

"చేతులు గట్ల మసి జేస్కొచ్చి నా తువ్వాల ముట్టకు."

"నీ తువ్వాలకు నాకంటె ఇజ్జత్ ఎక్కువున్నదే" అంటాడతను.

ఆ తువ్వాలు తిట్టు నూరున్నీసాది. ఎన్నేళ్లు తిట్టిందో బాబాను. తన నోట్లోని మాట ఎవరో లాక్కుని వాడుకుంటున్నట్టు, ఆ వేళకు ఆమె వంటింట్లోకి పోయి గిన్నెలు గట్టిగా తోమేది.

ఒకరోజు సాయన్న సుమో మళ్లీ వచ్చింది. సాయన్న హైదరాబాదుకు కిరాయిలు నడుపుతాడు, బాబాకు పాత దోస్తు. ఆ బండి ఏసీకి ఫహీమ్ అప్పటికి రెండుసార్లు గ్యాసు నింపాడు. నింపిన నాలుగు రోజులు చల్లగా ఉంటుంది, తర్వాత ఉడుకు గాలి కొడుతుంది.

"గ్యాస్ అయిపోయిందన్నా. ఇంకోసారి కొడ్త" అన్నాడు ఫహీమ్.

"నా బండి గ్యాస్ తాగుతదా ఏంది, కల్లు తాగినట్టు? మీ అన్న ఏమంటుండె? గ్యాస్ పోయిందంటే అది పోయే తొవ్వ ఉన్నట్టే, ముందు తొవ్వ ఎతుకు అంటుండె."

కిటికీ పరదా వెనుక నూరున్నీసా నోట్లో బెల్లం ముక్క పెట్టినట్టయింది. ఇంకా అనాలి, ఫిర్దోస్ వినేటట్టు అనాలి అనుకుంది.

ఫహీమ్ కొద్దిగా గ్యాసు ఎక్కించి, బ్రష్షుతో పైపులన్నిటికీ నురగ పూశాడు. ఏమీ కనబడలేదు. నూరున్నీసాకు మాత్రం కిటికీలోంచే కనబడుతోంది. ఆ నురగ పూసింది పూసినట్టే చచ్చిపోతోంది. చిన్న చిల్లు బుడగ కట్టాలంటే నురగ కాసేపైనా నిలవాలి కదా.

అది ఎందుకు నిలవడం లేదో ఆమెకు ఎప్పటినుంచో తెలుసు. ఫిర్దోస్ కాయను గింజతో సహా రోట్లో దంచుతుంది. "మా ఊరు వీపనగండ్లల గిట్లనే దంచుతరు ఆపా, గింజల నూనెకు జుట్టు నిగనిగలాడ్తది" అని ఒకసారి చెప్పింది కూడా. జుట్టుకు మంచిదే. కానీ ఆ నూనె తగిలితే నురగ నిలవదు. పెళ్లయిన కొత్తలో నూరున్నీసా కూడా అదే తప్పు చేస్తే బాబా సీసా ఊపి చూసి, "ఇది బండికి గాదు, నీ జడకు" అని నవ్వాడు. ఆ నవ్వు తనకు మాత్రమే దక్కిన సొత్తు. దాన్ని ఫిర్దోస్‌కు ఎందుకు పంచాలి? అందుకే నోరు మెదపలేదు.

సాయన్న బానెట్ మూసేశాడు. "ఇగ పాలమూరు తీస్కపోత తమ్మీ. ఒక్క మాట జెప్త, ఏమనుకోకు. బోర్డు మీదికెల్లి మీ అన్న పేరు తీసెయ్. ఆ పేరు జూసి వస్తున్నం మేము."

ఫహీమ్ తలెత్తి 'బాబా కార్ ఏసీ' అన్న బోర్డు వైపు చూశాడు.

నూరున్నీసా నోట్లో బెల్లం చేదెక్కింది. ఫిర్దోస్ ఓడిపోతే చూడాలనుకుంది. కానీ ఆ బోర్డు దిగితే ఈ ఊళ్లో బాబా అనేవాడు ఉన్నట్టు ఇంకేం మిగులుతుంది?

"సాయన్నా," పరదా వెనుకనుంచే పిలిచింది. "జర చాయ్ తాగి రా. అందాక బండి ఈడనే ఉండనీ."

ఫిర్దోస్ రోటి పక్కనున్న ఇత్తడి గిన్నె తెచ్చుకుని, కాయలు చిదిపింది. ఒక్క గింజా లేకుండా ఏరింది. గోరువెచ్చని నీళ్లలో వేసి, రెండు చేతులా పిసికి, సీసా నింపి ఫహీమ్‌కు ఇచ్చింది. "ఇంజన్ బందువెట్టు. పైపు మీద నూనె మరక, దుమ్ము అంటుకున్న కాడ పూయి. మీ అన్న ఆడ్నే జూస్తుండె" అంది.

ఈసారి నురగ మీగడలా పట్టింది. పైపును బిగించిన పట్టీ కింద, అది బాడీకి రాసుకునే చోట, పెసరగింజంత బుడగ లేచింది. పగిలింది. మళ్లీ లేచింది.

ఫహీమ్ ఆ పైపు విప్పి మార్చాడు. లోపలి గాలంతా లాగేసి కొత్త గ్యాసు నింపాడు. సాయన్న ముఖం ఏసీ గాలి వచ్చే జాలీ దగ్గర పెట్టి కళ్లు మూసుకున్నాడు. "బాబన్న బతికొచ్చినట్టున్నది చెల్లె. బోర్డు ముచ్చట మర్శిపోండ్రి."

"భాబీ, రేపటి సంది నురగ నువ్వే జెయ్యి. ఫిర్దోస్‌కు చాతగాదు" అన్నాడు ఫహీమ్.

ఫిర్దోస్ చెంబు పట్టుకుని గడపలోనే ఉంది. ఆ మాట విని చెంబు అక్కడే పెట్టి లోపలికి వెళ్లిపోయింది. ఇంతకాలం నూరున్నీసా కోరుకున్నది ఇదే.

ఫహీమ్ చేతులు తనే కడుక్కున్నాడు. తువ్వాలు తీసుకుని తుడుచుకున్నాడు. తువ్వాలుకు మసి అంటింది. లోపలినుంచి ఫిర్దోస్ తిట్టు వస్తుందేమోనని నూరున్నీసా చెవులు రిక్కించింది. తన తిట్టును ఫిర్దోస్ తిట్టినా కడుపు మండేది, ఈరోజు తిట్టకపోయినా మండుతోంది.

మగ్రిబ్ తర్వాత కుంకుడుకాయల చాట ముందేసుకుంది. సగం కాయలకు గింజలు తీసి ఇత్తడి గిన్నెలో నానేసింది. మిగతా సగం అలాగే చాటలో ఉంచి, పక్కన రాయి పెట్టి, తన గదికీ ఫిర్దోస్ గదికీ నడుమ వరండాలో వదిలేసింది. తను నానేసిన సగం రేపటి పనికి చాలదు, మిగతాది ఫిర్దోసే చిదపాలి. ఫిర్దోస్ వచ్చి, గింజ ఎందుకు తియ్యాలె ఆపా అని నోరు తెరిచి అడగాలి. అడిగితే చెబుతుంది. బాబా నవ్విన సంగతి మాత్రం చెప్పదు.

నూరున్నీసా లేచి చేతులు కొంగుకు తుడుచుకుని లోపలికి వెళ్లింది. చాట అక్కడే ఉంది.