కాకెంగిలి బిళ్లలు

మా అన్నయ్య వడ్రంగం చూడడానికి వచ్చినవాళ్లు మొదట నవ్వేవాళ్లు. వడ్రంగి చెక్కను కోస్తాడు, చిత్రిక పడతాడు. మా అన్నయ్య కొరికేవాడు.

యుద్ధం రోజుల్లో మా కొత్తపేటలో మేకులు దొరికేవి కావు. దొరికినా అన్నయ్య వాటిని ముట్టేవాడు కాదు. రెండు పలకలు కలపాలంటే రెండింటి అంచుల్లోనూ ఎదురెదురుగా సన్నని గాడి తీసేవాడు. ఆ గాడిలో ఇమిడేలా బొటనవేలంత చెక్క బిళ్లలు చెక్కి, పొయ్యి పైన అటక మీద ఎండబెట్టేవాడు. జిగురు రాసే ముందు ఒక్కో బిళ్లనూ పళ్ల మధ్య పెట్టి గట్టిగా నొక్కేవాడు. నొక్కిన బిళ్ల గాడిలోకి సులువుగా దూరుతుంది, లోపల జిగురు తడికి ఉబ్బి పలకలు రెండింటినీ పట్టేసుకుంటుంది. సుత్తితో నొక్కవచ్చు కదా అని అడిగితే, "ఎక్కడ ఆపాలో సుత్తికి తెలీదురా, పంటికి తెలుస్తాది" అనేవాడు.

మా వదిన వాటిని బిస్కట్లు అనేది. "మీ అన్నయ్యగారు బిస్కట్లు తింటన్నారు, ఇప్పుడే అన్నానికి లేవరు" అని నన్ను కూర్చోబెట్టి వడ్డించేది.

ఎప్పుడూ వట్టి పళ్లతో కొరికేవాడు కాదు. కండువా అంచు బిళ్ల మీద కప్పి, గుడ్డ మీద నుంచే నొక్కేవాడు. చిన్నప్పుడు నాన్న ఎప్పుడైనా ఒక్క బిస్కట్టు తెస్తే, అలాగే చొక్కా కొసలో చుట్టి కొరికి సగం నాకు పెట్టేవాడు. "కాకెంగిలిరా, ఎంగిలి కాదు" అనేవాడు. పెద్దయ్యాక ఆ బిళ్లలకీ అదే నియమం. ఇది నాకు తెలుసు. నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

పలివెల నుంచి ఒక పెద్దావిడ దేవుడి పీట పురమాయించింది. మడీ ఆచారం బాగా ఉన్న మనిషి. పనస చెక్క రెండు పలకలు. ఒకదాని గాడి అన్నయ్య తీశాడు, రెండోది ఆయన దగ్గరే పని నేర్చుకుంటున్న నేను. పీట తీసుకుపోవడానికి ఆవిడ చెప్పిన రోజే వచ్చింది గాని, పని అయ్యేసరికి ఒక పూట ఆలస్యమైంది. ఎందుకని అడిగింది.

"ఆయ్, మావాడి గాడి వంకరపోయిందండి అమ్మగారూ. మళ్లీ తీసేను" అన్నాడు అన్నయ్య, మామూలుగానే.

నాకప్పటికి ఇరవై దాటాయి. పరాయి మనిషి ముందు అంత మాట అంటాడా అని ఒళ్లు మండిపోయింది. "నా గాడి వంకరే అనుకో. నువ్వు లోపల పెట్టిన బిళ్లలన్నీ కొరికినవేగా!" అనేశాను.

ఆవిడ చెయ్యి చటుక్కున వెనక్కి పోయింది. "ఎంగిలి చెక్కతోనా దేవుడి పీట చేసేవు?"

"కాదండి. గుడ్డ కప్పి కొరికేనండి. కాకెంగిలేనండి."

"అయితే విప్పి చూపించు. గుడ్డ ఆనవాలు ఉంటుందిగా."

అన్నయ్య నావైపు చూశాడు. అవునండి, నేను చూశానండి అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. నా నోటికి తాళం పడింది. రోషం ఇంకా దిగలేదు మరి, ఏం చెప్పను!

"విప్పితే వచ్చే పీట నేను చెయ్యనండి" అని అన్నయ్య పీటను గోడకు ఆనించాడు. ఆవిడ వెళ్లిపోయింది. మాట మాత్రం ఊరంతా తిరిగింది. వాయనం పీటలు, పెళ్లి పీటలు మా దగ్గర చేయించుకోవడం ఒక్కొక్కరే మానుకున్నారు.

అన్నయ్య నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. రెండు నెలలకి వదినను తీసుకుని కాకినాడ పోయాడు, పడవలు కట్టే పనికి. అక్కడ అన్నీ ఇనప మేకులే. రెండుసార్లు వెళ్లి పిలిచాను. "వస్తాలేరా" అన్నాడు. క్షమించమని అడుగుదామని వెళ్లి, రెండుసార్లూ కర్రల ధరల గురించి మాట్లాడి వచ్చాను. మూడోసారి వెళ్లేసరికి జ్వరంతో పోయాడని వదిన ఏడుస్తూ చెప్పింది.

ఆ పీట మా ఇంట్లోనే ఉంది. నేను మేకులు కొట్టిన పీటలు రెండు వానాకాలాలకే నోళ్లు తెరిచాయి. దీని అతుకులో గోరు కూడా దూరదు. ఒకసారి ఉండబట్టలేక దాని మీద ఉలి పెట్టాను. లోపల అన్నయ్య పంటి గాట్లు ఉంటాయి, వాటి మీద కండువా నేత ఉంటుంది, ఒక్కసారి చూసుకుందామని. చెయ్యి ఆడలేదు. తన పరువు కోసం కూడా ఆయన విప్పని పీట అది.

ఇంటికి ఎవరొచ్చినా ఆ పీటే వేస్తాను. "కాకెంగిలేనండి, ఎంగిలి కాదండి, నేను కళ్లారా చూశానండి" అంటాను. వాళ్లకేమీ అర్థం కాదు. అయినా కూర్చున్న ప్రతివాళ్లకీ చెబుతాను.