పంక్తిలోంచి లేవలేక

నేను చెబుతుంటే మా మనవరాలు రాస్తోందండి. మొన్న ద్రాక్షారామంలో చుట్టాల గృహప్రవేశానికి వెళ్లాం. "అత్తయ్యగారూ, మీరు కుర్చీలో కూర్చోండి" అంది కోడలు. రోజూ వాకింగ్‌కి రమ్మని నన్ను పోరేది తనే. "కుర్చీలూ వాకింగులూ మీకమ్మా, నా మోకాళ్లకేం?" అని నేల మీద పంక్తిలోనే కూర్చున్నాను.

భోజనాలయ్యాయి. పెద్దదాన్ని నేను లేస్తేగానీ ఎవరూ లేవరు. నా మోకాళ్లు కదిలితేగా! అందరి ఎంగిలి చేతులూ ఎండిపోతున్నాయి. సిగ్గేసి, ఇంకా తింటున్నట్టు పెరుగన్నం అడిగాను. మళ్లీ అడిగాను.

"మామ్మగారికి ఇవాళ ఆకలి బాగుందండోయ్!" అని ఎవరో అంటే పంక్తంతా నవ్వింది. నేను విస్తరిలోంచి తలెత్తలేదు. కోడలు మాత్రం నవ్వకుండా వచ్చి, చంకల్లో చేతులు పెట్టి లేపింది.

ఇప్పుడు పొద్దున్నే తనతో నడుస్తున్నాను. ఇంటికొచ్చి చాప మీద కూర్చుని లేస్తున్నాను. గోడ పట్టుకునే లేస్తున్నానని కూడా రాయవే, అబద్ధమెందుకు?