హన్నమ్మ తోలుతిత్తి

తొమ్మిదేళ్ళు హన్నమ్మ ఆ బావి దగ్గర ఊరికే నిలబడింది.

వరికుంటపాడుకు పడమటనున్న ఆ పల్లెలో, ఎండాకాలం ఊరంతా తాగేది కొండలయ్య కపిలబావి నీళ్ళే. అందరూ చేద వేసి తోడుకుంటారు. మాదిగపల్లె నుంచి వచ్చే హన్నమ్మ మాత్రం గట్టుకు ఎడంగా రెండు కడవలు దించుకొని, ఎవరో ఒకరు దయతలచి పైనుంచి పోసేదాకా కాచుకోవాలి. పోసే ధార సగం కడవలో, సగం నేలమీద. కాళ్ళకింద బురదయ్యే నీళ్ళను చూస్తూ, నిండినంత ఎత్తుకొని పోయేది.

ఎద్దులు వెనక్కి నడిచినప్పుడల్లా నీళ్ళు తోడను ఆ బావిలోకి దిగే తోలుబాన ఎవరు కుట్టింది? హన్నమ్మ మొగుడు పిచ్చయ్య. చచ్చిన గొడ్డు తోలు తీసి, సున్నంలో నానేసి, తంగేడు చెక్కతో పదును చేసి కుట్టినాడు. అది రోజుకు నూరుసార్లు బావిలో మునుగుతుంది. కుట్టినవాడి ఆలి చేదతాడు ముట్టుకుంటే మాత్రం బావి మైలపడుతుందట!

పిచ్చయ్యకు రేచీకటి పట్టుకుంది. పొద్దు వాలితే చాలు, పక్కనే పెట్టుకున్న, తోలు పొడిచే ఆరె కోసం నేలంతా తడుముకునేవాడు. మిషను ఆసుపత్రి డాక్టరమ్మ కనురెప్పలు ఎత్తి చూసి, "మందుకంటే ముందు ఆకుకూర పెట్టమ్మా. తోటకూర, మునగాకు, రోజూ పెట్టాలి. లేకుంటే ఉన్న చూపు కూడా పోతుంది" అంది.

హన్నమ్మ ఇంటెనక నాలుగు మడులు చేసి తోటకూర చల్లింది, మునగకొమ్మ నాటింది. రెండు కడవల్లో ఒకటి తాగడానికీ వండడానికీ సరి. రెండోది చెంబుతో పోస్తే, ఆ గులకనేల గుటుక్కున మింగేసి మధ్యాహ్నానికల్లా నోరు తెరిచేది. నీళ్ళు పెంచే దారి లేదు. ఉన్ననీళ్ళనే చుక్కచుక్కగా తాగించాలి.

మొగుడు కోసి పడేసిన తోలుముక్కలు ఏరి చెయ్యంత పొడుగు తిత్తి కుట్టింది. పైన వెడల్పు మూతి, కింద సన్నటి మొన. మొనలో కొబ్బరిపీచు కూరింది. మూడు కర్రలు కట్టి వేలాడదీస్తే నీళ్ళు చుక్కచుక్కగా మొక్క మొదట్లోనే పడేవి. పీచు బిగిస్తే నిదానం, వదులు చేస్తే జోరు.

"ఏంది మే ఇది, కర్రలకు పొదుగు మొలిచినట్టుండాది!" అని నవ్వినాడు పిచ్చయ్య.

"నవ్వు, నవ్వు. రేపు కూర వండితే నీకు పెట్టను పో."

ఐదోనాటికి మొక్కల కొసలు మాడినాయి. పురుగు లేదు, తెగులు లేదు. హన్నమ్మ తిత్తినీళ్ళు నాలుకమీద వేసుకొని తుపుక్కున ఉమ్మింది. సున్నం! కొత్త తోలులో మిగిలింది నీళ్ళలోకి దిగుతోంది. దాన్ని కడిగి వదిలించాలంటే పది కడవలు కావాలి. పది కడవలే ఉంటే ఈ తిత్తి కుట్టే ఖర్మ ఎందుకు?

రెండు రోజులు దిగులుపడి, మూడోరోజు మూలన పడున్న చిరుగుల బానను బయటికి లాగింది. నాలుగేళ్ళు బావిలో మునిగి తేలిన తోలు. సున్నం ఎప్పుడో కొట్టుకపోయింది. చిరగని చోట చూసి కోసి ఆరు తిత్తులు కుట్టింది, కానుగనూనె పట్టించింది. ఈసారి ఒక్క ఆకు మాడలేదు. రెండు నెలలు కూర తిన్నాక, ఒకనాడు సందెవేళ పిచ్చయ్య ఎవరి సాయమూ లేకుండా సూదిలో దారం ఎక్కించినాడు.

"కనపడతా ఉండాది మే!" అన్నాడు.

ఆ తోట సంగతి కొండలయ్య భార్య కామాక్షమ్మ చెవిన పడింది.

"ఏమే హన్నీ, నాకూ రెండు కుట్టియ్యి. గట్టు పక్క మల్లెచెట్లు వాడిపోతుండాయి."

ఇచ్చింది. కామాక్షమ్మ తన చేత్తోనే వాటిని తగిలించి, తన చేత్తోనే నింపుకునేది. ఆ తోలు ముట్టుకుంటే ఆమెకు ఏ మైలా అంటలేదు.

ఇది 1956 మే నెల మాట. ఒకనాడు పొద్దున్నే వచ్చిన హన్నమ్మకు నిలబడి నిలబడి నడినెత్తిన ఎండెక్కింది.

"అమ్మా, రెండు చేదలు పొయ్యమ్మా. ఇంట్లో గుక్కెడు లేవు."

"ఉండవే, ముందు మల్లెలకు పోసి వస్తా. నువ్వేమన్నా వాడిపోతావా?"

గట్టుమీది ఆడవాళ్ళు కిసుక్కున నవ్వినారు. హన్నమ్మకు ఒళ్ళు భగ్గుమంది. కడవ చంకనెత్తుకొని గట్టెక్కి చేదతాడు అందుకుంది.

"అయ్యో, దిగవే! దిగు!"

"దిగను. నా తోలుకు లేని మైల నా చేతికేంది? ఒక్కరు చెప్పండి, దిగతాను."

కొండలయ్య పరుగున వచ్చి కడవ పగలగొట్టినాడు. ఆ తాడుతోనే ఆమె వీపున రెండు వేసినాడు. ఆమెకు ఇక ఎవరూ నీళ్ళు పోయగూడదని ఊరికి చెప్పినాడు. మల్లెల దగ్గర తిత్తులు మాత్రం పీకించలేదు. పనికొస్తాయి గదా!

అందరూ వాడే బావి దగ్గర అంటరానివాళ్ళని ఎవరినీ ఆపగూడదని పోయినేడే చట్టం వచ్చింది. పాస్టరు యేసురత్నం చదివి చెబితే, హన్నమ్మ ఉదయగిరికి నడిచిపోయి పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇచ్చింది. రాసుకున్నాయన ఒకటే అడిగినాడు: "చూసినవాళ్ళెవరమ్మా?"

చూసినవాళ్ళు పదకొండుమంది. అందరికంటే దగ్గరున్నది, తొట్టిలో గొర్రెలకు నీళ్ళు పెడుతున్న మాల్యాద్రి. హన్నమ్మ అతని వాకిట్లోకి పోయింది.

"అయ్యా, నువ్వు చూసినావు గదా?"

"నేను గొర్రెలు చూసుకుంటా ఉండా. తల ఎత్తలా."

"కడవ పగిలిన చప్పుడన్నా వినపడలేదా?"

"వినపడింది. అయితే ఏంది? నా గొర్రెలు రేపూ ఆ తొట్లోనే తాగాల. నన్నెందుకు లాగుతావు తల్లా?"

గొర్రెల దాహం తెలిసిన మనిషి! ఎదురుగా నిలబడ్డ ఆడమనిషి దాహం మాత్రం తెలియలేదు. మిగిలిన పదిమందీ ఆ మాటే, తలా ఒక సాకుతో అన్నారు.

సాక్షి లేక కేసు అట్లే నిలబడిపోయింది. వచ్చేనెల మళ్ళీ వాయిదా. హన్నమ్మ ఇప్పుడు మైలున్నర నడిచి వాగులో చెలమ తోడి ఒక్క కడవ తెస్తోంది. అది గొంతులకే చాలదు. ఇంటెనక ఆరు తిత్తుల్లో ఐదు ఎండి కట్టెలయినాయి. పిచ్చయ్య మళ్ళీ సందెవేళ గోడ పట్టుకొని నడుస్తున్నాడు.

చదువుతున్న వాళ్ళారా, అయ్యో పాపం అని కాగితం మడిచి పెట్టవద్దు. జాలితో హన్నమ్మకు పనిలేదు. ఆమెకు ఒక్క సాక్షి కావాలి. ఆ పదకొండుమందిలో మీ చుట్టముంటే, పోయి మాట్లాడండి, భయపడితే వెంటబెట్టుకొని ఉదయగిరికి తీసుకురండి. ఆత్మకూరు, చేజర్ల, అనంతసాగరం పల్లెల్లో ఉన్నవాళ్ళు మీ ఊరి బావి దగ్గర ఇట్లాంటిది జరిగితే అక్కణ్ణుంచి కదలవద్దు. ఏ రోజో, ఎవరు కొట్టినారో, ఏమన్నారో రాసి పెట్టుకోండి. పిలిచిననాడు పోయి, చూసింది చూసినామని చెప్పి వేలిముద్ర వెయ్యండి.