బాబాయికి తొడిగిన నీలం కోటు

ఈ ఉదయం విజయవాడ బస్సు కోసం తిరువూరు బస్టాండు బయట నిలబడ్డాను. ఎదురుగా కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సులో ఆ నీలం కోటు మళ్లీ కనిపించింది. అదే ఎర్ర టై, పైజేబులో అదే తెల్ల రుమాలు, భుజం మీద అదే మెరుపు. తల మాత్రం ఈసారి వేరే ఆయనది. గంపలగూడెం వైపు ఎక్కడో పొలం చేసుకుని బతికిన పెద్దాయన అయి ఉండాలి, మెడ మీద ఎండకు కమిలిన గీతలు కోటు కాలరు దగ్గరకొచ్చి టక్కున ఆగిపోయాయి. వెనక మబ్బులు, మబ్బుల్లో బంగారు గేటు, గేటుకు అటూ ఇటూ పావురాలు, పైన పెద్దక్షరాలతో మహిమ ప్రవేశం అని రాసి ఉంది. బస్సు వచ్చింది, ఎక్కాను, కిటికీ పక్కన సీటు కూడా దొరికింది, కోపం మాత్రం దిగలేదు. మా చుట్టుపక్కల ఊళ్లలో విశ్వాసులు ఎంతమంది పోయినా అందరూ ఆ ఒక్క కోటులోనే పరలోకానికి వెళ్తున్నారు. అది ఎవరు కుట్టించుకున్నారో, తొడుక్కుని ఫోటో దిగిన ఆ అసలు మనిషి తల ఏమైపోయిందో ఎవరికీ పట్టదు. పోయినేడాది మా బాబాయికి కూడా దాన్నే తొడిగారు.

బాబాయి అంటే మా నాన్నకు ఆఖరి తమ్ముడు. హైస్కూల్లో డ్రాయింగు మాస్టారు, చర్చి సంఘంలో పెద్ద, వారానికి ఏడు రోజులూ కోపిష్ఠి. మా వంశంలో అందరికీ కోపం ముక్కు మీద ఉంటే ఆయనకు ముక్కు దాటి మీసం మీదికి కూడా వచ్చేది. ఆ కోపంలో నాకు దండిగానే వాటా దక్కింది, ఆ సంగతి మీకు ఇప్పటికే అర్థమై ఉంటుంది. ఆయన బట్టలు రెండే రకాలు, బడికి తెల్ల పొట్టిచేతుల చొక్కా, ఇంట్లో గళ్ల లుంగీ. కోటు అన్నది జన్మలో తొడగలేదు. పెళ్లికొడుకు కోటు లేకుండా గుడిలో నిలబడితే ఎలా అని అప్పటి పాస్టరుగారు నచ్చజెప్పబోతే, యేసుప్రభువు వెళ్లిన కానా పెళ్లిలో పెళ్లికొడుకు కోటు వేసుకున్నాడా అండీ అని ఎదురడిగాడట. అలాంటి మనిషికి చచ్చాక కోటు తొడిగితే నాకు ఒళ్లు మండదా?

అసలు బాబాయి కెమెరా పట్టడమే కోపంతో పట్టాడు. మా పిన్నిది రెడ్డిగూడెం. పత్తి చేలల్లో, మామిడి తోటల్లో కూలికి వెళ్లిన ఇంటి ఆడపిల్ల, నల్లటి నలుపు, నవ్వితే ముఖమంతా నవ్వే మనిషి. పెళ్లయిన రోజు సాయంత్రం ఇద్దరూ టౌనులో స్టూడియోకి వెళ్లారు. స్టూడియో ఆయన పిన్నిని స్టూలు మీద కూర్చోబెట్టి, చెప్పాపెట్టకుండా పౌడరు డబ్బా తీసి నుదురు, బుగ్గలు, మెడ అంతా దట్టంగా పట్టించాడు. చేతుల సంగతి మర్చిపోయాడు. ఫోటో వచ్చాక చూస్తే ముఖం సున్నం కొట్టిన గోడ, ఒళ్లో పెట్టుకున్న చేతులు పిన్నివి. బాబాయి ఆ ఫోటో పట్టుకుని వెళ్లి స్టూడియో ఆయన్ని కడిగిపారేశాడు. నల్లగా పడితే మీరే తిడతారని రాశానండీ అన్నాడట ఆయన. దేవుడు చేసిన ముఖం నీ పెట్టెలోకి పట్టకపోతే పెట్టె మార్చుకో, ముఖం కాదు అని బాబాయి చెప్పి వచ్చాడు. తర్వాత విజయవాడ వెళ్లి పాత కెమెరా ఒకటి కొనుక్కున్నాడు. పిన్ని ఆ పౌడరు ఫోటో పారెయ్యలేదు, ట్రంకుపెట్టెలో అడుగున బోర్లా పెట్టింది. ఆ కథ నవ్వుతూనే చెప్పేది, కానీ ఫోటో చూపించమంటే మాత్రం లేచి వెళ్లిపోయేది.

అక్కడి నుంచి మా సంఘంలో ఆదివారం మధ్యాహ్నాల తంతు మారిపోయింది. సండేస్కూలు అయిపోయాక ఎవరికైనా ఆసక్తి ఉంటే ఫోటోలు తియ్యడం నేర్పేవాడు. ఉన్నది ఒక్క కెమెరా, నేర్చుకునేవాళ్లం అరడజను మందిమి. వాక్యం ఎక్కడ ఆగిందో, కెమెరా పాఠం ఎక్కడ మొదలైందో తెలిసేది కాదు. సృష్టి కథ చెబుతూ, మొదటి రోజే వెలుగు వచ్చింది, సూర్యుడు వచ్చింది నాలుగో రోజు, దాన్నిబట్టి మీకేం తెలిసింది అని అడిగేవాడు. మేం బిక్కముఖాలు వేసేవాళ్లం. వెలుగు వేరు, ఎండ వేరు అని గద్దించేవాడు. మిట్టమధ్యాహ్నం తిరువూరులో ఎండకు కొదవ లేదు, కానీ ఆ ఎండలో మనిషిని నిలబెడితే కళ్ల స్థానంలో రెండు గుంటలు పడతాయి. వసారాలోకి తీసుకురండి, గుమ్మానికి ముఖం పెట్టి కూర్చోబెట్టండి, అప్పుడు కళ్లలో వెలుగు చుక్క కనిపిస్తుంది, అది కనిపించేదాకా నొక్కొద్దు. పసిపిల్లల్ని తీసేటప్పుడు నిలబడి తీస్తే వీపు మీద ఒక్కటి పడేది. మోకాళ్లు వంచనివాడు ప్రార్థనకీ పనికిరాడు, ఫోటోకీ పనికిరాడు అని ఆయన సిద్ధాంతం. ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం పంచుతుంటే ఫ్లాష్ కొట్టిన వీడియో అతన్ని ఆరాధన మధ్యలోనే బయటికి నడిపించాడు. ఏలీయా ప్రవక్తతో దేవుడు అగ్నిలో మాట్లాడలేదు, నిమ్మళంగా మాట్లాడాడు, నీకెందుకయ్యా ఆ మెరుపులు అని. ఫోన్లు వచ్చాక, చమురు వేళ్లతో తడిమిన లెన్సుతో ఫోటో తీసి మసకగా వచ్చిందని ఫోన్ని తిట్టుకునేవాళ్లను చూస్తే ఆయనకు అరికాలి మంట నెత్తికెక్కేది. ముందు మెత్తటి గుడ్డతో తుడుచుకోండి, మన కంట్లో దూలం సంగతి కూడా అంతేగా అనేవాడు.

అన్నిటికన్నా పెద్ద పాఠం బాప్తిస్మాల దగ్గర. మా వాళ్ల బాప్తిస్మాలు కట్టలేరు వాగులో జరిగేవి. అందరికీ తెల్లబట్టలు, అందరివీ పొలంలో ఎండిన నల్లటి ముఖాలు. కెమెరాకు బుద్ధి తక్కువ. దాని కంటికి ముందు ఆ తెల్లదనమే కనిపిస్తుంది. ఓహో, వెలుగు ఎక్కువైపోయిందనుకుని మొత్తం ఫోటోని చీకటి చేస్తుంది. బట్టలు చక్కగా మడతలతో సహా పడతాయి, ముఖాలు బొగ్గుముక్కలవుతాయి. అందుకని వెలుగును ముఖం మీద కొలవాలి. ఫోనైతే ముఖం మీద వేలు పెట్టి ఆగాలి. బట్ట కాస్త వెలిసిపోయినట్టు పడితే పడనీ. మనుషులు పైపై వేషం చూస్తారు, దేవుడు అలా చూడడు అని వాక్యం చెబుతుంటే, మీ చేతిలో కెమెరా మనుషుల్లాగే చూస్తోంది, దానికి మీరే నేర్పాలి అనేవాడు. ఈ మాట ఆయన నోట విన్నన్నిసార్లు నేను ప్రసంగంలో ఆమెన్ కూడా వినలేదు.

ఆయన ఫోటో ఒక్కటంటే ఒక్కటి నేను తీశాను, అదీ బాప్తిస్మం రోజే. బాబాయి లుంగీ పైకి కట్టి మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఉన్నాడు. పత్తి తీతకు వెళ్లే ఒక అమ్మాయి నీళ్లలోంచి పైకి లేస్తోంది. గట్టు మీది చెట్ల సందుల్లోంచి వెలుగు ఇంకా నీటి మీదే ఉంది, ఆమె ముఖం దాకా రాలేదు. నేను తొందరపడి కెమెరా ఎత్తాను. బాబాయి గిర్రున తిరిగి, అయిదు వేళ్లూ చాచి నా వైపు చెయ్యెత్తాడు.

"ఆగవే! చీరని చూసి నొక్కమాకని ఎన్నిసార్లు చెప్పాలి? ముఖం మీదికి రానీ."

ఆ అరుపుకు అదిరిపడి నొక్కేశాను. ఫోటోలో అమ్మాయి పడలేదు. బాబాయి పడ్డాడు, నోరు తెరుచుకుని, కనుబొమలు ముడేసి, అరచెయ్యి నా మీదికి చాచి. చెట్ల సందులోంచి వచ్చిన వెలుగు ఆయన ముఖం మీదే నిలబడి ఉంది. చెంప మీది ముడతలు, మీసంలో నెరిసిన వెంట్రుకలు, కంట్లో వెలుగు చుక్క, అన్నీ ఉన్నాయి. తిడతాడనుకుని చూపించాను. ముఖం మీద కొలిచావు అన్నాడు. ఆయన నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే.

పోయినేడాది వానాకాలంలో బాబాయి ప్రభువునందు నిద్రించాడు. జ్ఞాపకార్థ కూడికకు ఏర్పాట్లన్నీ వాళ్ల అబ్బాయి, మా తమ్ముడే చూశాడు. విజయవాడలో ఉద్యోగం, పనిమంతుడు, తండ్రి మీద ప్రాణం. నేను వాగు ఫోటోకి పెద్ద ప్రింటు వేయించుకుని సంచిలో పెట్టుకుని కాస్త ముందే వెళ్లాను. గుడి ఆవరణలో షామియానా కింద, స్టేజి వెనక నిలువెత్తు ఫ్లెక్సు కట్టి ఉంది. నీలం కోటు, ఎర్ర టై, బంగారు గేటు. కోటు పైన పింఛను కార్డులోంచి తీసిన బాబాయి తల. ముడతలు లేవు, మీసం నల్లబడింది, ముఖం గోధుమపిండి రంగులోకి తిరిగింది. ఫ్లెక్సు షాపు అతను ఇంకా అక్కడే తాళ్లు బిగిస్తున్నాడు. ఇదేంటని నిలదీశాను. అందరికీ ఇదే వేస్తామండీ మేడమ్, కోటు లేకపోతే పెద్దరికం రాదండి, కలరు కూడా ఫ్రీగా కొట్టానండి అన్నాడు. కలరు కొట్టాడట. నాకు ఆ ముక్కకు కళ్లు బైర్లు కమ్మాయి. దీన్ని ఇప్పుడే విప్పమన్నాను. తమ్ముడు పరుగెత్తుకొచ్చాడు.

నేను వాగు ఫోటో తీసి చూపించాను. దాన్ని చూసి వాడు ముఖం చిట్లించాడు. అందులో నాన్న అరుస్తున్నాడు, పాస్టర్లొస్తారు, ఆఫీసువాళ్లొస్తారు, నోరు తెరుచుకుని లుంగీలో ఉన్న మనిషిని స్టేజి మీద ఎలా పెడతామని వాడి వాదన. నాకు వాడి చొక్కా పట్టుకోవాలనిపించింది. మీ నాన్న బతుకంతా దేని మీద అరిచాడో నీకు తెలియదా అని అడిగాను. నీకు ఆ కోటు నచ్చింది కాబట్టి ఆయన ముఖాన్ని అమ్మేశావు అని కూడా అన్నాను. వాడు నా చెయ్యి పట్టుకున్నాడు.

"అక్కా, ఆయన్ని నేనెప్పుడూ మంచి బట్టల్లో చూళ్లేదు. కొంటానంటే తిట్టేవోడు. ఒక్కసారన్నా చూసుకుందామని పెట్టాను, గొడవ చెయ్యమాకు."

వాగు ఫోటో మళ్లీ సంచిలో పెట్టేశాను. కోపం మాత్రం అలాగే ఉంది. ప్రేమతో చేసిన తప్పు మీద కోప్పడటం కష్టం, మానుకోవడం ఇంకా కష్టం. ఆ ఫ్లెక్సు ముందు పాటలు పాడి, వాక్యం చదివి, సాక్ష్యాలు చెప్పి, ఎవరో కోటాయనకు మేమంతా వీడ్కోలు చెప్పబోతున్నాం. రేపు మనవలకు బాబాయి ఎలా ఉండేవాడంటే ఈ ఫోటోలే చూపిస్తారు. నాకు అది తలుచుకుంటే ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

అంతలో ఆడవాళ్లు పిన్నిని నడిపించుకొచ్చారు. పిన్నికి చూపు బాగా మందగించింది, రంగులు, మనుషుల ఆకారాలు తెలుస్తాయంతే. ముందు వరసలో కూర్చోబెట్టబోతే ఒప్పుకోలేదు. స్టేజి మీద ఏదో తెల్లగా ఉందేంటని అడిగింది. నాన్న ఫోటో అమ్మా అన్నాడు తమ్ముడు. దగ్గరికి తీసుకెళ్లమంది. వాడే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాడు. పిన్ని ఫ్లెక్సుకు ముక్కు ఆనేంత దగ్గరగా నిలబడింది. కోటు గుండీల మీదుగా అరచేత్తో తడుముకుంటూ పైకి వెళ్లింది, ముఖం దగ్గర చెయ్యి ఆపింది. అరవలేదు, ఏడవలేదు. మామూలుగా అడిగింది.

"ఈయనక్కూడా పౌడరు రాశారంట్రా?"

తమ్ముడికి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. ట్రంకుపెట్టె అడుగున బోర్లా పెట్టిన ఫోటో సంగతి వినకుండా ఆ ఇంట్లో ఎవరూ పెరగలేదు. అమ్మ చెయ్యి నా చేతిలో పెట్టి, ఫ్లెక్సు షాపు అతని కోసం కూడా చూడకుండా వాడే కుర్చీ ఎక్కి తాళ్లు విప్పాడు. అప్పుడే దిగిన పాస్టర్లు అయోమయంగా చూస్తున్నారు. నేను సంచిలోంచి వాగు ఫోటో తీసి పిన్ని చేతిలో పెట్టాను. కంటికి ఆనించుకుని, అటు తిప్పి ఇటు తిప్పి చాలాసేపు చూసింది.

"ఎవర్నో తిడతన్నాడుగా."

"నన్నే పిన్నీ."

"అయితే ఆయనే."

కూడిక జరిగినంతసేపూ స్టేజి మీద ఉత్త బట్ట పరదా ఉంది, దాని ముందు కుర్చీ మీద లుంగీ కట్టిన బాబాయి అందరి మీదా అరుస్తూ ఉన్నాడు. ప్రసంగానికి వచ్చిన పెద్ద పాస్టరుగారు రెండుసార్లు ఆ ఫోటో వైపు చూసి, వాక్యం త్వరగా ముగించారు. ఆ ఫ్లెక్సు ఆ తర్వాత తమ్ముడి పొలంలో పత్తి కుప్ప మీద వాన పడకుండా బోర్లా కప్పారు. ఆ కోటు చేసిన మంచి పని ఇదొక్కటే. నేను మాత్రం ప్రతి శనివారం సంఘం గ్రూపులో ఒక ఫోటో, ఒక మాట పెడుతున్నాను, బట్ట మీద కాదు, ముఖం మీద కొలవండి అని. అందరూ కింద చేతులు జోడించిన బొమ్మ పెడతారు, ఆమెన్ అంటారు, మళ్లీ ఎవరైనా పోగానే వెళ్లి ఆ కోటు ఫ్లెక్సే వేయించుకొస్తారు. నా కోపం తగ్గదు, తగ్గించుకోవాలని కూడా లేదు.

బస్సు ఊరు దాటాక ఫోన్లో ఆ వాగు ఫోటో తీసి చూసుకున్నాను. అయిదు వేళ్లూ చాచి ఆగమంటున్నాడు. నేను ఆగలేదు, నొక్కేశాను. ఎవరి మాటా వినని కాలం ఆ ఒక్క క్షణం మాత్రం బాబాయి కోపానికి జడిసి ఆగిపోయింది.